పీజీ రూములో ఒకరికి జ్వరం వస్తే మిగతావాళ్ళు ఏం చేయాలి

బెంగళూరు వచ్చిన కొత్తలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఇంటి నుంచి ఒకటే మాట: "అక్కడి నీళ్ళు పడలేదేమో." చలికాలమైతే "గాలి పడలేదు." తలస్నానం చేసి తల సరిగ్గా ఆరబెట్టుకోలేదనో, చినుకుల్లో తడిశామనో ఇంకో రెండు కారణాలు కలుస్తాయి. మా అమ్మ అనంతపురం నుంచి ఇప్పటికీ ఇదే అంటుంది. ల్యాబ్‌లో శాంపిళ్ళ మధ్య ఏడేళ్ళు పనిచేశాక నాకనిపించేదేంటంటే, అమ్మ మాట సగం కరెక్టే. రోగం నిజంగానే నీళ్ళలోనో గాలిలోనో వస్తుంది. లేదా చేతుల మీదుగానో, దోమ కాటుతోనో వస్తుంది. ఏ దారిన వచ్చిందో మాత్రం మనం చూడం. జ్వరం అనగానే డోలో, అజిత్రోమైసిన్, మాస్కు, పసుపు పాలు అన్నీ ఒకేసారి మొదలుపెడతాం. వచ్చిన దారి తెరిచే ఉంటుంది. వారం తిరిగేసరికి పక్క మంచం మీదమ్మాయి పడుకుంటుంది.

మారతహళ్ళిలో ఒక పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, ఫోర్ షేరింగ్ రూములో మూడేళ్ళున్నాను. తర్వాత ఆ నలుగురమే కలిసి ఫ్లాట్ తీసుకున్నాం. ఒకే కిటికీ, ఒకే బాత్రూము, ఒకే వాటర్ క్యాను. అంతమాత్రాన ఒకరికి వచ్చింది నలుగురికీ రావాలని ఎక్కడా లేదు. జ్వరం తగిలిన పూట నుంచి ఏం చేయాలో వరసగా చెప్తాను. మీరున్నది పీజీ అయినా, బ్యాచిలర్ ఫ్లాట్ అయినా, అత్తామామలతో ఉంటున్న డబుల్ బెడ్రూము అయినా పద్ధతి ఇదే.

మందు కొనేముందు దారి కనిపెట్టండి

రోగి పక్కన కూర్చుని రెండు ప్రశ్నలు వేయండి. జ్వరంతో పాటు ఇంకేముంది? ఎన్ని రోజుల క్రితం ఎక్కడున్నావు?

దగ్గు, ముక్కు కారడం, గొంతు నొప్పి ఉంటే గాలి దారి. వాంతులు, విరేచనాలు ఉంటే, లేదా కళ్ళు పచ్చబడితే నీళ్ళు, తిండి. దగ్గూ జలుబూ ఏమీ లేకుండా కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళు విరగ్గొట్టినట్టు ఉంటే ముందు దోమను అనుమానించండి. కళ్ళు ఎర్రబడి పుసులు కడుతుంటే చేతులు, తువ్వాళ్ళు. ఇది డాక్టరు చేసే పని కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు రూములో మీరు చేసుకోవలసిన పని. నూటికి నూరుపాళ్ళు సరిపోదు. టైఫాయిడ్ మొదటి వారంలో ఉట్టి జ్వరంలాగే ఉంటుంది. అయినా ఏమీ చూడకపోవడం కన్నా నయం.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. క్రిమి ఒంట్లోకి దూరిన రోజుకీ, జ్వరం బయటపడే రోజుకీ మధ్య ఎడం ఉంటుంది. ఫ్లూకి ఆ ఎడం 1 నుంచి 4 రోజులు. డెంగీకి 4 నుంచి 10. టైఫాయిడ్‌కి మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు. ఆటలమ్మకి 10 నుంచి 21 రోజులు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ అయితే దాదాపు నాలుగు వారాలు తీసుకుంటుంది. అంటే నిన్న సాయంత్రం తిన్న పానీపూరీ ఇవాళ టైఫాయిడ్ తేలేదు. తెస్తే గిస్తే పోయిన నెల తిన్నది తెచ్చి ఉంటుంది. క్యాలెండర్ తీసి వెనక్కి లెక్కపెట్టండి, సగం పుకార్లు అక్కడే రాలిపోతాయి.

మా ఫ్లాట్‌లో జరిగింది చెప్తాను. ఒకసారి జూలైలో కడప అమ్మాయికి సోమవారం జ్వరం, గురువారం ఒంగోలు అమ్మాయికి. మిగిలిన మేమిద్దరం మాస్కులు పెట్టుకుని హాల్లో పడుకున్నాం, వాళ్ళ గ్లాసులు వేరే పెట్టాం. ఇద్దరికీ డెంగీ అని తేలింది. డెంగీ మనిషి నుంచి మనిషికి గాలిలో రాదు. రోగిని కుట్టిన దోమ కూడా వెంటనే ఇంకొకరికి ఎక్కించలేదు, వైరస్ దాని ఒంట్లో పెరిగి లాలాజలంలోకి చేరడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. మూడు రోజుల తేడాలో ఇద్దరు పడ్డారంటే ఒకరి నుంచి ఒకరికి వచ్చింది కాదు, ఇద్దర్నీ అంతకుముందే కుట్టిన దోమలు మా ఇంటి చుట్టుపక్కలే ఉన్నాయి. మేం మాస్కు పెట్టుకుని జాగ్రత్తగా ఆ దోమల మధ్యే పడుకున్నాం.

దోమ దారి అయితే

వంటగది కిటికీలో మనీ ప్లాంట్ పెట్టిన గాజు సీసా ఉండేది. రిజల్టు వచ్చిన రాత్రి ఫోన్ టార్చి వేసి చూశాను. దోమ పిల్లలు నీటి పైపొరకి తోకలు ఆనించి, తలకిందులుగా ఏటవాలుగా వేలాడుతున్నాయి, సన్నటి గోధుమ రంగు పోగుల్లా. తోక చివర ఉన్న గొట్టంతోనే గాలి పీలుస్తాయవి. సీసా మీద చెయ్యి నీడ పడగానే అన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. నిమిషం తర్వాత ఒక్కొక్కటే మళ్ళీ పైకి వచ్చాయి. ఎంత శుభ్రమైన నీళ్ళో! డెంగీ తెచ్చే ఏడిస్ దోమకి అలాంటివే కావాలి. మురిక్కాలువ దోమ వేరు, డెంగీ దోమ వేరు.

కాబట్టి చేయవలసింది ఇది. వారానికి ఒకరోజు, మాకైతే ఆదివారం పొద్దున, ఇంట్లో నీళ్ళు నిలిచే ప్రతిచోటా వెతకండి. మొక్కల సీసాలు, కుండీల కింద పళ్ళేలు, ఫ్రిజ్ వెనక ట్రే, బాల్కనీలో వదిలేసిన కొబ్బరి చిప్ప, వాడని బాత్రూములో మూత లేని బకెట్టు, సంపు మూత పక్కన సందు. వేసవిలో ట్యాంకర్ రాదేమోనని డ్రమ్ముల్లో నింపుకుంటాం కదా, వాటికి బిగుతైన మూతో, గుడ్డ కట్టడమో తప్పదు. గుడ్డు నుంచి దోమ రావడానికి ఏడు నుంచి పది రోజులు, అందుకే వారం లెక్క. ఉట్టినే వంచేస్తే సరిపోదు. ఏడిస్ గుడ్లు పెట్టేది నీటి అంచుకి కాస్త పైన, గిన్నె గోడకి అంటించి. ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి, మళ్ళీ నీళ్ళు పోయగానే పిల్లలవుతాయి. పీచుతో గోడ రుద్ది కడగాలి.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. రొనాల్డ్ రాస్ పేరు మనకి సికింద్రాబాద్‌తో కలిపి తెలుసు. మలేరియా క్రిమిని దోమ పొట్టలో ఆయన చూసింది అక్కడే, 1897 ఆగస్టు 20న. 1902లో నోబెల్ వచ్చింది. అంతకు చాలాముందు, 1883లో, కుర్ర డాక్టరుగా ఆయన ఉద్యోగం బెంగళూరులో. బంగళా కిటికీ బయట నీళ్ళ తొట్టిలో దోమ పిల్లల్ని చూసి తొట్టి తిరగేస్తే, గదిలో దోమలు తగ్గాయట. దోమకీ జ్వరానికీ సంబంధం అప్పటికి ఆయనకే తెలియదు. మన మనీ ప్లాంట్ సీసాకి నోబెల్ బహుమతి అక్కర్లేదన్నమాట.

రెండో పని దోమతెర. మనం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళం తెరలో దూరతాం. నిజానికి మొదటి ఐదు రోజులూ తెర అవసరం రోగికి. రక్తంలో వైరస్ ఉన్న మనిషిని కొత్త దోమ కుట్టకపోతే ఆ గొలుసు అక్కడే తెగుతుంది. ఇంకోటి, ఈ దోమ కుట్టేది పగలు, ముఖ్యంగా పొద్దు పొడిచిన కొన్ని గంటలూ సాయంత్రం చీకటి పడేముందూ. రాత్రంతా దోమల మెషీను వేసి పొద్దున ఆరింటికి తీసేయడం మన అలవాటు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్ళు టేబుల్ కింద కాళ్ళకి దోమల క్రీము రాసుకోండి, కుట్టేది అక్కడే. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చి, ఇంట్లో నీళ్ళు నిలవ ఉంచితే జరిమానా కూడా పెట్టింది. జరిమానా వేసేవాళ్ళు మా బాల్కనీ దాకా ఎప్పుడూ రాలేదు, దోమ మాత్రం వస్తూనే ఉంది.

జ్వరాన్ని కొట్టకండి, కాస్త నిదానించండి

ఒళ్ళు కాలిపోతుంటే రోగమే ముదిరిపోతోందనుకుంటాం. వేడి పెంచేది క్రిమి కాదు, మన ఒళ్ళే. క్రిమి లోపలికి దూరగానే అక్కడ కాపలా ఉన్న తెల్లకణాలు దాన్ని మింగడం మొదలుపెట్టి, రక్తంలోకి కబురు వదులుతాయి. ఆ కబురు మెదడు అడుగున హైపోథలామస్ అనే చోటికి చేరుతుంది. అది గీజర్ నాబ్ తిప్పినట్టు ఒంటి వేడి సెట్టింగ్ పెంచుతుంది. ఒళ్ళు 98 దగ్గరుంటే సెట్టింగ్ 102 అయిందనుకోండి, అందాకా ఎక్కడానికి కండరాలు వణుకుతాయి. చలిజ్వరం అంటే ఇదే. లోపల కాలుతుంటే రెండు దుప్పట్లు కప్పుకోవాలనిపించేది అందుకే. సెట్టింగ్ దిగగానే చెమటలు పోసి తగ్గుతుంది. ఆ వేడిలో చాలా క్రిములు నెమ్మదిస్తాయి, తెల్లకణాలు చురుగ్గా పనిచేస్తాయి.

అందుకని 99కి మాత్ర వేయకండి. ముందు థర్మామీటర్ పెట్టండి, నుదుటి మీద చెయ్యి లెక్కలోకి రాదు. 100.4 దాటితే జ్వరం. ఒళ్ళు నొప్పులతో నిద్ర పట్టకపోతే, తాగలేకపోతే పారాసిటమాల్ వేయండి, డోలో అంటే అదే. పెద్దవాళ్ళకి 650 మాత్ర ఒకటి, మళ్ళీ వేయాలంటే కనీసం ఆరు గంటల ఎడం. డోలో తయారుచేసే మైక్రో ల్యాబ్స్ మన బెంగళూరుదే, చాక్లెట్లలా తినమని కాదు. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, డబ్బా వెనక చదవండి. రెండూ కలిపి వేసుకుంటే భారమంతా లివరు మీద. లివరు జబ్బు ఉన్నవాళ్ళు, మందు తాగే అలవాటున్నవాళ్ళు డాక్టర్ని అడిగే వేసుకోవాలి. డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్ప్రిన్ ముట్టుకోకండి, రక్తస్రావం పెరుగుతుంది. "ఒక ఇంజెక్షన్ వేయండి డాక్టర్" అని మనమే అడిగి వేయించుకునేది చాలాసార్లు అలాంటి నొప్పి మందే.

లంఖణం పరమౌషధం అన్నారు. ఆకలి లేకపోతే అన్నం మానండి, సరే. తాగడం మానకండి. గంజి, పలచటి మజ్జిగ, రాగి జావ, కొబ్బరినీళ్ళు, చారు నీళ్ళు ఏదైనా. కొలత ఏంటంటే, నాలుగైదు గంటలకోసారి మూత్రం రావాలి, లేత రంగులో రావాలి. రూమ్మేట్‌ని ఇది అడగడానికి మొహమాటపడకండి.

రోజులు లెక్కపెట్టి టెస్టు చేయించుకోండి

ల్యాబ్ కౌంటర్ దగ్గర నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. మొదటి రోజే వచ్చి "అన్ని ఫీవర్ టెస్టులూ చేసేయండి" అంటారు. టెస్టు దేన్ని వెతుకుతుందో అది అప్పటికి ఒంట్లో తయారై ఉండాలి కదా.

ఒళ్ళు చేసే యుద్ధం రెండు విడతల్లో జరుగుతుంది. మొదటి విడత గంటల్లో మొదలవుతుంది. చర్మం, ముక్కులో చీమిడి, కడుపులో ఆమ్లం దాటి వచ్చినదాన్ని తెల్లకణాలు ఎవరని అడక్కుండా మింగేస్తాయి. ఇలాంటి మింగే కణాల్ని 1880ల్లో మొదట గుర్తుపట్టింది మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త. సముద్రపు నక్షత్రచేప పిల్లకి ముల్లు గుచ్చి, ముల్లు చుట్టూ కణాలు మూగడం చూశాడు. రెండో విడతకి వ్యవధి కావాలి. కొన్ని కణాలు చచ్చిన క్రిమి ముక్కల్ని మోసుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి వెళ్తాయి. మనం "బిళ్ళ కట్టింది" అంటాం చూడండి, దవడ కిందో గజ్జల్లోనో, అది ఈ గ్రంథి వాచడమే. అక్కడ బీ, టీ అనే తెల్లకణాలు లక్షల రకాలుంటాయి. ఈ క్రిమికి సరిగ్గా అతికేది ఏదో ఒకటి దొరుకుతుంది. దొరికింది రెండవుతుంది, నాలుగవుతుంది, దండు అవుతుంది. ఆ దండు తయారుచేసే యాంటీబాడీలు, అంటే ఆ క్రిమికే అతుక్కునే ప్రోటీన్లు, రక్తంలో కనిపించేసరికి నాలుగైదు రోజులు దాటుతాయి, ముందు ఐజీఎం రకం, తర్వాత ఐజీజీ. కొన్ని కణాలు ఆ గుర్తు పెట్టుకుని ఏళ్ళ తరబడి మిగిలిపోతాయి. టీకా చేసేది, జబ్బు పడకుండానే ఆ గుర్తు ఇవ్వడం.

ఇప్పుడు టెస్టుల సంగతి. డెంగీకి మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 చేయించండి, అది వైరస్ ముక్కనే వెతుకుతుంది. ఐదో రోజు దాటాక ఐజీఎం. రెండో రోజున ఐజీఎం చేయించి నెగెటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకుంటే అది మన లెక్క తప్పు, ఒంటిది కాదు.

టైఫాయిడ్‌కి వీడాల్ టెస్టు మన ఊళ్ళలో దాదాపు జాతకం లాంటిది, అందరికీ ఏదో ఒకటి కలుస్తుంది. ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్ వల్లో, వేరే జ్వరం వల్లో కూడా పాజిటివ్ వస్తుంది. నమ్మదగ్గది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో ఉన్న క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడడం, అదీ మొదటి వారంలో, యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందు. రెండు రోజులు అజిత్రోమైసిన్ మింగి, తగ్గక, అప్పుడు కల్చర్‌కి వస్తారు. బాటిల్‌ని ఇంక్యుబేటర్‌లో పెట్టి ఐదు రోజులు చూస్తాం, ఏమీ మొలవదు. క్రిమి లేక కాదు, సగం చచ్చి. నాకూ ఒకసారి అలాగే అయింది. ఓ చిన్న క్లినిక్‌లో రెండో రోజే యాంటీబయోటిక్ రాశారు, తెలిసీ వేసుకున్నాను, ఆఫీసులో సెలవు లేదని. తర్వాత పది రోజులు అది ఏం జ్వరమో ఎవరూ చెప్పలేకపోయారు. జలుబు, ఫ్లూ, డెంగీ వైరస్‌లు. వాటి మీద యాంటీబయోటిక్ పనిచేయదు. కఫం పచ్చగా వచ్చిందంటే బ్యాక్టీరియా అనే లెక్కా నిజం కాదు, ఆ రంగు యుద్ధంలో చచ్చిన మన తెల్లకణాలది.

డెంగీ అని తేలితే ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ప్రమాదం జ్వరం ఎక్కినప్పుడు కాదు, దిగేటప్పుడు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం తగ్గే సమయంలో కొందరికి రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మగత, చల్లబడిన చేతులు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి, తెల్లారనీ అనుకోకండి. అందరూ ప్లేట్‌లెట్ల లెక్క దగ్గరే ఆగిపోతారు. రిపోర్టులో దాని పక్కనే హిమటోక్రిట్ అనో పీసీవీ అనో ఉంటుంది. అది పెరుగుతోందా అని డాక్టర్ని అడగండి, రక్తం చిక్కబడుతోందా లేదా చెప్పేది అదే. బొప్పాయి ఆకు రసం కోసం లేఅవుట్లన్నీ తిరిగే టైములో రోగికి రెండు గ్లాసులు మజ్జిగ పట్టించొచ్చు. డెంగీలో నాలుగు రకాలున్నాయి, ఒక రకానికి వచ్చిన రక్షణ మిగతావాటికి చాలదు. రెండోసారి వేరే రకం వస్తే ముదిరే అవకాశం ఎక్కువ. అందుకే ఇంతకుముందు డెంగీ వచ్చి ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి.

గాలి దారి అయితే

కిటికీ తెరవండి. బెంగళూరు చలికి కిటికీలు మూసి, తలుపు మూసి, నలుగురం ఒకే గాలిని రాత్రంతా పంచుకుంటాం. దగ్గితే వచ్చే పెద్ద తుంపర్లు కింద పడతాయి, సన్నవి పొగలాగా గదిలో తేలుతుంటాయి. తట్టు క్రిమి అయితే మనిషి వెళ్ళిపోయిన రెండు గంటల దాకా ఆ గదిలో ఉండగలదు. కిటికీ, ఎదురుగా తలుపు తెరిచి, టేబుల్ ఫ్యాను ఉంటే దాని ముఖం కిటికీ బయటికి తిప్పండి. లోపలి గాలిని బయటికి తోసేస్తుంది. ఫ్యాను రోగి వెనక పెట్టి మీ వైపు తిప్పుకుంటే చేజేతులా తెచ్చుకున్నట్టే. రోగి మంచం కిటికీ పక్కకి మార్చండి. మాస్కు ముందు రోగికి పెట్టండి. కలిసి కూర్చుని తినడం నాలుగు రోజులు ఆపండి, మాస్కు తీసి మాట్లాడుకునే టైము అదే.

1898లో ఈ ఊరికి ప్లేగు వచ్చాక, పాత పేటల ఇరుకు నుంచి జనాన్ని బయటికి తేవాలని మల్లేశ్వరం, బసవనగుడి లాంటి చోట్ల వెడల్పు వీధులు, గాలాడే ఇళ్ళు లేచాయి. ప్లేగు ఎక్కువగా ఎలుకల మీద బతికే పురుగు కుట్టి వచ్చేది, కిటికీతో దానికి పెద్ద పని లేదు. అయినా మనకి మంచి వీధులు మిగిలాయి. వందేళ్ళ తర్వాత మనం కట్టుకున్న పీజీల్లో కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ.

ఫ్లూ వచ్చినవాళ్ళు జ్వరం మొదలవడానికి ఒక రోజు ముందు నుంచే అంటిస్తారు, తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు. మాత్ర వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే ఆఫీసుకి వెళ్ళండి. డోలో వేసుకుని స్టాండప్ మీటింగ్‌కి వెళ్ళడం వీరత్వం కాదు.

దగ్గు రెండు వారాలు దాటితే అది వేరే కథ. సిరప్ మార్చకండి, ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి కఫం పరీక్ష చేయించండి. టీబీ పరీక్షా మందులూ ఉచితం, మామూలుగా ఆరు నెలల కోర్సు, తిండికి నెలకి 1000 రూపాయలు ఖాతాలో వేస్తారు. దేశమంతా ఈ పనిచేసేవాళ్ళకి శిక్షణ ఇచ్చే జాతీయ క్షయ సంస్థ 1959 నుంచి బెంగళూరులోనే ఉంది. టీబీ అని తెలిస్తే పీజీ ఖాళీ చేయిస్తారనే భయంతో దాచిపెట్టినవాళ్ళని చూశాను. సరైన మందు పడ్డాక కొన్ని వారాల్లోనే అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. దాచినన్నాళ్ళే రూమ్మేట్లకి ప్రమాదం.

నీళ్ళ దారి అయితే

క్యాను నీళ్ళ మీద మనకి ఉన్న నమ్మకం చాలా గొప్పది. క్యాను ఎక్కడ నింపారో తెలియదు, మూతి ఎవరు పట్టుకున్నారో తెలియదు. విరేచనాలు ఒకరికి మొదలైతే ఆ వారం నీళ్ళు కాచుకోండి. తెర్లి బుడగలు వచ్చాక ఒక నిమిషం చాలు. చల్లారాక అదే గిన్నెలో గ్లాసు ముంచితే కాచిన ఫలం పోయింది, కొళాయి ఉన్న బిందెలో పోసుకోండి.

వాంతులు, విరేచనాల వైరస్‌లలో కొన్నిటికి శానిటైజర్ లెక్కే లేదు. సబ్బు, పారే నీళ్ళు, ఇరవై సెకన్లు. జబ్బు పడినవాళ్ళు విరేచనాలు ఆగిన తర్వాత కూడా రెండు రోజులు వంటగదిలోకి రాకూడదు. "పాపం, తనే చారు పెట్టుకుంటోంది" అని ఊరుకోవద్దు, ఆ చారు మీరూ తాగుతారు. తిండిలో కూడా భయపడాల్సింది పొగలు కక్కే సాంబారు గురించి కాదు. పొద్దున్నే రుబ్బి మధ్యాహ్నం దాకా బయట ఉంచిన చట్నీ, కోసిపెట్టిన ఉల్లిపాయలు, పానీపూరీ నీళ్ళు. న్యూయార్క్‌లో వందేళ్ళ కిందట మేరీ మాలన్ అనే వంటమనిషి ఉండేది. ఆమెకి ఒంట్లో ఏ బాధా లేదు, కానీ ఆమె వండిన ఇంటింటా టైఫాయిడ్. అనుమానం వేడి వంటల మీద కాదు, ఆమె చేతుల్తో పచ్చి పీచ్ పళ్ళు కోసి వేసిన ఐస్‌క్రీమ్ మీదికి వెళ్ళింది. 1907లో ఆమెని విడిగా ఉంచారు, వంట చేయనని ఒప్పుకుంటే వదిలారు, మళ్ళీ వండుతూ దొరికితే 1915 నుంచి చనిపోయేదాకా ఉంచేశారు. మన పీజీ వంటవాళ్ళ మీద అనుమానం పెంచడానికి కాదు ఇది చెప్పేది. వంటగది సింకు దగ్గర సబ్బు ఉందో లేదో చూసి, లేకపోతే మీరే ఒకటి కొనిపెట్టండి. బయటి తిండి తప్పనివాళ్ళు టైఫాయిడ్ టీకా గురించి డాక్టర్ని అడగండి, కొత్త రకం టీకాల్లో ఒకటి హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిందే.

ఓఆర్‌ఎస్ కలిపేటప్పుడు ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళే పోయండి. పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకి. రుచి కోసం సగం గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై చేటు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి. చక్కెర తీపి కోసం కాదు. పేగు గోడ ఉప్పునీ చక్కెరనీ జోడీగా లోపలికి లాగుతుంది, వాటి వెంట నీళ్ళు వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరాకి సెలైన్లు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ కలిపిన నీళ్ళనే డ్రమ్ముల్లో పెట్టి తాగించి వేలమందిని బతికించారు. షాపులో రంగు డబ్బాలో దొరికే తీపి డ్రింకు అది కాదు. అలాంటి వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని 2025లో ఆదేశం వచ్చింది, దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ పోరాటం ఏళ్ళ తరబడి ఉంది.

చేతులు, తువ్వాళ్ళు

కండ్లకలక చూస్తే రాదు. నల్ల కళ్ళద్దాలు ఎదుటివాళ్ళని కాపాడవు. కన్ను నలిపిన చెయ్యి తలుపు గడియ మీద, ఆ గడియ మీద మీ చెయ్యి, మీ చెయ్యి మీ కంటికి. తువ్వాలు, దిండు గలేబు, కాటుక, చుక్కల మందు సీసా, ఏదీ పంచుకోకండి. అంతే.

ఆటలమ్మ వస్తే మన పెద్దవాళ్ళు గదిలో విడిగా పడుకోబెట్టి, గుమ్మానికి వేపమండలు కట్టి, బయటివాళ్ళని రానిచ్చేవారు కాదు. అందులో విడిగా ఉంచడం అక్షరాలా సరైన పని. కాకపోతే దద్దుర్లు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుతుంది, అన్ని పొక్కులూ ఎండి చెక్కు కట్టేదాకా అంటుతుంది. గాలిలో కూడా. పెద్దవాళ్ళకి వస్తే ముదురుతుంది, దద్దుర్లు కనిపించిన 24 గంటల్లో డాక్టర్ని కలిస్తే మందు బాగా పనిచేస్తుంది. అమ్మవారికి కోపం వస్తుందని ఆగొద్దు. గర్భంతో ఉన్న అక్కో వదినో ఇంట్లో ఉంటే, వాళ్ళకి ఇంతకుముందు రాలేదంటే, ఆ రోజే వాళ్ళ డాక్టరుకి ఫోన్ చేయండి.

కుక్క గీరినా కరిచినా ఆ చోటు సబ్బుతో పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించుకోండి. రేబిస్ క్రిమి నరాల వెంట మెల్లగా మెదడుకి పాకుతుంది. అది చేరేలోపు టీకాతో యాంటీబాడీలు తయారవ్వాలి, అదొక్కటే మనకున్న వ్యవధి. డోసులు మధ్యలో మానొద్దు.

శుక్రవారం బస్సు

జ్వరం రాగానే అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలనిపిస్తుంది. శుక్రవారం రాత్రి మడివాళలో ఏసీ స్లీపర్ ఎక్కితే పొద్దున్నే ఊళ్ళో ఉంటాం. పన్నెండు గంటలు అద్దాలు మూసిన బస్సు, ముప్పై మంది, దిగాక షుగరున్న నాన్న, ఎనభై దాటిన నాయనమ్మ. దగ్గూ జ్వరమూ ఉన్నప్పుడు ఆ టికెట్ క్యాన్సిల్ చేయండి. డెంగీ అయితే ఇంకో కారణం ఉంది, నాలుగో రోజు జ్వరం దిగే గండం హైవే మీద అర్ధరాత్రి రాకూడదు. అమ్మని రమ్మనండి, కుదరకపోతే వీడియో కాల్‌లో థర్మామీటర్ చూపించండి. దగ్గర్లోని ప్రభుత్వ నమ్మ క్లినిక్‌లో డాక్టర్ని చూపించుకోవడానికి డబ్బు అక్కర్లేదు. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 104 ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

చివరగా ఒక స్టీలు డబ్బా. మా ఫ్లాట్‌లో అది ఫ్రిజ్ మీద ఉంటుంది. డిజిటల్ థర్మామీటర్, పారాసిటమాల్ ఒక స్ట్రిప్, ఓఆర్‌ఎస్ ఆరు ప్యాకెట్లు, మాస్కులు, ఒక సబ్బు, ఒక కాగితం. కాగితం మీద నలుగురి పేర్లు, బ్లడ్ గ్రూపులు, ఎవరికి ఏ మందు పడదో, ఎవరికి డెంగీ ఏ సంవత్సరం వచ్చిందో, ఇంటి నంబర్లు. జ్వరం వచ్చినప్పుడు ఎన్నో రోజో, ఎంత ఉందో, ఏ మాత్ర ఎన్నింటికి వేశారో అదే కాగితం వెనక రాయండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే, జ్వరంలో ఉన్న మనిషికి గుర్తుండదు. థర్మామీటర్ సెల్ మార్చిన తేదీ కూడా డబ్బా మూత మీద రాసుకోండి. మాది పోయిన జూలైలో సరిగ్గా అవసరమైన రాత్రే ఆగిపోయింది, కింద మెడికల్ షాపు మూసేశాక.